వాసన చూస్తే తీసుకున్నట్టేనా?

నిమ్మ వాసన జెరేనియం కుండీ పక్కన ఎంతసేపు నిలబడినా ముక్కుకు పెద్దగా ఏమీ అందదు. మల్లె, సంపెంగ అలా కాదు. అవి వీధి మలుపులోనే పలకరిస్తాయి. ఈ మొక్క మాత్రం ఎవరైనా ముట్టుకునేదాకా మౌనంగా ఉంటుంది. ముడతలు పడిన, వేలి గోరంత ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రుద్దితే చాలు, అప్పుడే కోసిన నిమ్మతొక్క వాసన గుప్పుమంటుంది. చెయ్యి కడుక్కున్నా కాసేపటిదాకా వేళ్లను వదలదు.

ఆ ఆకును భూతద్దం కింద పెట్టి చూడాలి. రెండు వైపులా సన్నటి నూగు కనిపిస్తుంది. అందులో కొన్ని మామూలు వెంట్రుకలు. మరికొన్నింటి కొనన మాత్రం గుండ్రటి బొడిపె ఉంటుంది, ఆవగింజలో ఎన్నో వంతు కూడా ఉండదు. నూనె దాగి ఉండేది అందులోనే. వేలు తగలగానే బొడిపె పైపొర చిట్లుతుంది, నూనె బయటపడుతుంది, గాలిలో కలుస్తుంది. అంటే ఈ మొక్క దగ్గర వాసన కావాలంటే ఎంత చిన్నదైనా సరే, ఏదో ఒకటి పగలాలి.

మిద్దెతోటల్లో రోజూ జరిగే ఈ చిన్న పనిలో మన దేశపు తాత్త్వికులు శతాబ్దాలపాటు తర్కించుకున్న ప్రశ్న ఒకటి ఉంది. వాసన తానున్న చోటు వదిలి బయటికి వస్తుందా? వచ్చేదైతే, వాసన చూసినవాడు ఆ ఆకు సొమ్ము కొంత తీసుకున్నట్టేనా? తీసుకున్నట్టే అయితే అది ఎవరి అనుమతితో?

ఈ చివరి ప్రశ్న ఎవరో సరదాకి వేసింది కాదు. పాలి జాతక కథల్లో 392వది భిసపుప్ఫ జాతకం. అందులో బోధిసత్త్వుడు తాపసిగా జీవిస్తుంటాడు. ఒకరోజు తామరకొలనులో దిగి, విచ్చుకున్న పువ్వు వాసన చూస్తూ నిలబడతాడు. అక్కడి దేవత ఒకతె ఎదురొచ్చి, ఎవరూ ఇవ్వనిదాన్ని నువ్వు తీసుకుంటున్నావు, ఇది దొంగతనంలో ఒక భాగం, నువ్వు గంధచోరుడివి అంటుంది. తాపసి ఆశ్చర్యపోతాడు. తాను పువ్వు కోయలేదు, తుంచలేదు, దూరం నుంచి వాసన మాత్రమే చూశాడు, దొంగ అని ఎలా అంటావని అడుగుతాడు. అదే సమయంలో మరొకడు కొలనులోకి దిగి తామరతూళ్లు పెరికి, పూలు విరిచి పట్టుకుపోతుంటాడు. వాణ్ణి ఏమీ అనవేమని తాపసి నిలదీస్తాడు. దేవత చెప్పిన జవాబు సారాంశం ఇది: వాడు ఒళ్లంతా మురికి పట్టినవాడు, వాడితో నాకు మాటలేదు, మచ్చలేకుండా బతకాలనుకునేవాడికి వెంట్రుకవాసి తప్పు కూడా మబ్బంత కనపడాలి. తాపసి కోప్పడలేదు. మళ్లీ ఇలాంటిది చేస్తే అప్పుడు కూడా చెప్పమని కోరాడు. నీ మంచిచెడ్డలు చూడటానికి నేను నీ జీతగత్తెను కాను, నీ దారి నువ్వే తెలుసుకోవాలి అని ఆమె వెళ్లిపోయింది. ఇదే కథ సంయుత్తనికాయంలో ఒక భిక్షువు పేర కూడా ఉంది.

తాపసి వాదనలో బలం లేకపోలేదు. తామర వాసన దానంతట అదే వ్యాపిస్తుంది. పూలు వాసనను గాలిలోకి వదిలేదే పురుగులను పిలవడానికి. పిలుపు అందరికీ వినపడుతుంది. విన్నవాణ్ణి దొంగ అనడం కష్టం. కానీ అదే తాపసి దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు ఈ చిన్న మొక్క ముందు నిలబడి ఉంటే ఆ వాదన నిలిచేది కాదు. ఇక్కడ వాసన బయట తిరగదు. తలుపు వేసి లోపల ఉంటుంది. కోయలేదు, తుంచలేదు అనవచ్చు గాని, పగలగొట్టలేదు అనడానికి వీల్లేదు. పూల వాసన, ఆకు వాసన ఒకే కోవలోకి రావు. ఈ తేడాను ధర్మచింతన చేసేవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి.

అసలు వాసన వస్తువును వదిలి వస్తుందా అన్నదాని మీద బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలోనే చర్చ ఉంది. అక్కడి అసలు విషయం జీవాత్మ పరిమాణం. ఆత్మ అణువంతే అనే పూర్వపక్షి ఒకడు. మరి అణువంత ఆత్మకు ఒళ్లంతా చైతన్యం ఎలా వచ్చిందని అడిగితే, పువ్వు ఒకచోట ఉన్నా దాని వాసన పువ్వు లేనిచోట కూడా తెలుస్తుంది కదా, అలాగే అంటాడు. వాసనతోపాటు పువ్వు కణాలు కూడా వస్తాయేమో అంటే అతడు ఒప్పుకోడు. అదే నిజమైతే పువ్వు తరిగిపోవాలి, బరువు తగ్గాలి, అలా జరగడం లేదు అంటాడు. కంటికి ఆనని కణాలు వస్తాయేమో అంటే దానికీ జవాబు ఉంది. పరమాణువులు ఇంద్రియాలకు అందవు, నాగకేసరాల వాసన మాత్రం స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి అది కణాల వల్ల కాదు. శంకరాచార్యులు తన భాష్యంలో ఈ వాదాన్నంతా ఓపిగ్గా వినిపించి, తర్వాత ఒక్కమాటతో తోసిపుచ్చారు. గుణం గుణిని వదిలి ఒంటరిగా ప్రయాణం చేయదు. వాసన కదిలిందంటే దానికి ఆశ్రయమైన ద్రవ్యం కూడా కదిలినట్టే. ఆశ్రయం లేకుండా తిరిగేదైతే అది గుణమే కాదు.

రామానుజులు ఆ సూత్రాలనే మరోలా చదివారు. జీవుడు అణువే అన్నది ఆయనకు సిద్ధాంతం. వాసన భూమికి గుణమై ఉండి కూడా భూమి కంటే వేరుగా తెలుస్తున్నట్టే, జ్ఞానం ఆత్మకు గుణమై ఉండి ఆత్మ కంటే వేరుగా తెలుస్తుందని ఆయన చెప్పారు. ఒక పువ్వు వాసన గురించి ఇంత పట్టుదలగా వాదించుకోవడం ఈనాటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. అయితే దీని వెనక ఉన్నది చావుబతుకుల ప్రశ్న. గీత పదిహేనో అధ్యాయంలో జీవుడు దేహం వదిలేటప్పుడు ఇంద్రియాలను, మనసును వెంట తీసుకుపోవడాన్ని గాలి పరిమళాలను మోసుకుపోవడంతో పోల్చారు. వాసన ఎలా ప్రయాణిస్తుందో తేల్చుకోకపోతే ఆ పోలికకు అర్థం తేలదు.

ఈ తగవులో రసాయనశాస్త్రం శంకరుల పక్షాన నిలుస్తుంది. నిమ్మ వాసన జెరేనియంలో ముక్కును తాకేవాటిలో ముఖ్యమైనది సిట్రాల్. పది కార్బన్, పదహారు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు కలిసిన అణువు. అది ఆకును వదిలి, గాలిలో తేలి, ముక్కు లోపలి తడిపొరలో కరిగి, అక్కడి గ్రాహకాలకు తగులుకుంటేనే మనకు వాసన తెలుస్తుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మనుషుల్లో పనిచేసే గ్రాహక రకాలు దాదాపు 400. మరి బరువు తగ్గదేమన్న పూర్వపక్షి ప్రశ్న? తగ్గుతుంది. గ్రాములో పది లక్షలవ వంతు సిట్రాల్‌లో సుమారు 40 కోట్ల కోట్ల అణువులుంటాయి. అంత తక్కువ బరువును వంటింటి తూకం కాదు, కాలేజీ ప్రయోగశాలలోని తూకం కూడా పట్టుకోలేదు. పూర్వపక్షి తర్కం తప్పు కాదు. ఆయన దగ్గర తూకం లేదు, అంతే.

న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, చెప్పిన ఒక మాట కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వాళ్ల ప్రకారం ముక్కు తన విషయాన్ని తాకకుండా తెలుసుకోదు. ఏదో వచ్చి తగిలితేనే వాసన తెలుస్తుంది. తర్కం చదువుకునే ప్రతి విద్యార్థి చేతికి మొదట వచ్చే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, పదిహేడో శతాబ్దివాడు. భూమి అంటే ఏమిటన్నదానికి ఆయన ఇచ్చిన నిర్వచనం వాసనే. వాసన ఉన్నది భూమి, అది లేనిది భూమి కాదు. నీళ్లు వాసన కొట్టినా అందులో కలిసిన భూమి భాగానిదే ఆ వాసన. వాసనలు రెండే రకాలు, మంచిది, చెడ్డది. ఈ లక్షణం మీద వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. రాయి కూడా భూమే కదా, దానికి వాసన ఎక్కడుంది? ఆ కాలంవాడే అయిన విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంత ముక్తావళిలో దీనికి జవాబిచ్చాడు. రాతిలో వాసన ఉంది, కాని పైకి తేలనంత మందంగా ఉంది. కాల్చి భస్మం చేస్తే తెలుస్తుంది, లోపల లేనిది భస్మంలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

లేకపోవడం వేరు, పైకి తేలకపోవడం వేరు. రాయితో చెప్పిన ఈ భేదానికి ముట్టని జెరేనియం ఆకు ఇంకా చక్కటి ఉదాహరణ. కాల్చక్కర్లేదు. ఒక్క వేలు చాలు.

ఇంకో చిత్రం ఏమిటంటే, మనం నిమ్మ వాసన అని పేరు పెట్టుకున్నది నిమ్మకే సొంతం కాదు. నిమ్మగడ్డి నూనెలో మూడొంతుల దాకా సిట్రాలే. తేనెటీగలు తోటి ఈగలను పిలవడానికి పొట్ట చివరి గ్రంథి నుంచి వదిలే పరిమళంలో కూడా సిట్రాల్, జెరేనియాల్ ఉంటాయి. అందుకే ఈగల గుంపును కొత్త పెట్టెలోకి రప్పించడానికి తేనెటీగల పెంపకందార్లు నిమ్మగడ్డి నూనె చుక్క వేస్తారు. ఒకే అణువు ఒకచోట పిలుపు, మరొకచోట కాపలా. జెరేనియంలో అది కాపలా. ఆకులు తినే పురుగులను, కొన్ని బూజు తెగుళ్లను దూరంగా పెట్టడం ఇలాంటి నూనెల పనుల్లో ఒకటి. దక్షిణాఫ్రికా నైరుతి కొసన, కేప్ ప్రాంతపు రాతినేలల్లో ఈ మొక్కలు లక్షల ఏళ్లుగా ఆ కాపలాతోనే బతికాయి. 1772లో లండన్ క్యూ తోటల తరఫున అక్కడికి వెళ్లిన ఫ్రాన్సిస్ మాసన్ ఈ కుటుంబానికి చెందిన మొక్కలు చాలా ఐరోపాకు పంపాడు. వృక్షశాస్త్రజ్ఞులు 1789 నాటికే వీటిని అసలు జెరేనియంల నుంచి విడదీసి పెలార్గోనియంలు అన్నారు, అయినా తోటల్లో పాత పేరే నిలిచింది. ఆ తర్వాత ఇంగ్లండు సంపన్నుల భోజనాల బల్లల మీద చేతులు కడుక్కునే గిన్నెల్లో ఈ ఆకులు తేలాయి. పురుగును తరిమే మందు మనిషికి అత్తరు అయింది. ఈ పరిమళం మన కోసం పుట్టలేదు. సృష్టిలోని మంచి వాసనలన్నీ మనిషి ఆనందం కోసమే ఉన్నాయనే నమ్మకం ఈ ఆకు దగ్గర తేలిపోతుంది.

ముట్టుకునేదాకా వాసన ఆకు లోపలే ఉంటుందన్నది మరచిపోయినవాళ్లు వ్యాపారంలో కూడా బోల్తాపడ్డారు. ఈ కుటుంబంలోనే సిట్రోసా అనే రకాన్ని దోమల మొక్క అని అమ్ముతుంటారు. కుండీ పెడితే చాలు, దోమలు రావన్నది ప్రచారం. 1996లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ మొక్కను పక్కన పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా దోమకాట్లలో తేడా కనపడలేదు. దోమలు ఆ ఆకుల మీదే వాలి విశ్రాంతి తీసుకోవడం కూడా పరిశోధకులు చూశారు. ఆకు లోపలి నూనె లోపల ఉన్నంతసేపు గాలికి దాంతో పనిలేదు.

ఇక పూజగది సంగతి. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదన్న నియమం తెలుగిళ్లలో పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. పూలబుట్టలో ముక్కు పెట్టబోతే చాలు, ‘అయ్యో, అది దేవుడికిరా’ అని అమ్మమ్మ చెయ్యి అడ్డుపెట్టేస్తుంది. వాసన చూస్తే సగం తిన్నట్టేనన్న మాట కూడా ఉంది. ఆధునిక శాస్త్రం ప్రకారం సగం కాకపోయినా, తిన్నట్టేనన్నది అక్షరాలా నిజం. పువ్వులోని కొంత భాగం ఒంట్లోకి వచ్చేసింది. మిగిలింది నైవేద్యం కాదు, ఎంగిలి. నియమం పెట్టినవాళ్లకు అణువుల లెక్క తెలియనక్కర్లేదు. తీసుకోవడం జరిగిందన్న ఎరుక ఉంది.

మరి ఈ నిమ్మాకు సంగతేమిటి? వినాయక చవితి పత్రిలో మాచిపత్రి, మరువం వంటి సువాసన ఆకులున్నాయి కాబట్టి ఆకు పరిమళం దేవుడికి కొత్త కాదు. చిక్కు వేరేచోట ఉంది. ముట్టని ఆకును పటం ముందు పెడితే వాసన రాదు. వాసన రావాలంటే నలపాలి. నలిపితే ఆ మొదటి పరిమళం నలిపినవారి ముక్కుకే చేరుతుంది. నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే ఈ ఆకుతో పూజ సాధ్యం కాదు.

ఆ ముడి విప్పే మాట తెలుగువాళ్లకు ఆముక్తమాల్యదలో దొరుకుతుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తోట పెంచి, పూలు కోసి, మాలలు కట్టి స్వామికి సమర్పించేవాడు. కూతురు గోదాదేవి ఆ మాలను తాను ముందు వేసుకుని చూసుకుని తర్వాత బుట్టలో పెట్టేది. తండ్రికి తెలిసి హడలిపోయాడు, కొత్త మాల కట్టాడు. స్వామి మాత్రం ఆమె వేసుకున్న మాలే కావాలన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు పదహారో శతాబ్దిలో ఈ కథను మహాప్రబంధంగా మలిచాడు. ఈనాటికీ తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి గోదాదేవి మాల వస్తుంది. నియమాన్ని కొట్టిపారేసిన కథ కాదిది. విష్ణుచిత్తుడి భయం న్యాయమైనదే, కథ ఎక్కడా దాన్ని తప్పుపట్టదు. తీసుకున్నది ఎవరు, ఎలా తీసుకున్నారు అన్నది ఇక్కడ తేలింది. కొలనులో దిగిన తాపసికి ఆ తామరతో పరిచయం లేదు. దిగాడు, పీల్చాడు. గోద ఆ తులసివనంలో దొరికిన పిల్ల, ఆ తోటలోనే పెరిగింది. ఆ పూలకు నీళ్లు పోసింది ఆ ఇల్లే.

వాసన చూడటం తీసుకోవడమే. శంకరుల తర్కం, కొలను దేవత మందలింపు, బక్, ఆక్సెల్ పరిశోధన అక్కడికే చేరుస్తాయి. కాని తీసుకున్న ప్రతిదీ దొంగతనం కాదు. ఆ మొక్కకు మళ్లీ ఏం అందుతోందన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క మాటల్లో తేలదు. కుండీ దగ్గర తేలుతుంది.

అందుకే పెంపకం ఈ చర్చకు బయటి విషయం కాదు. కేప్ కొండల నుంచి వచ్చిన ఈ మొక్కకు మన మైదానాల మే నెల ఒక పరీక్ష. ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోటికి కుండీ జరపాలి, లేదా షేడ్‌నెట్ కిందికి చేర్చాలి. అంతకంటే పెద్ద గండం వానాకాలం. నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది, రెండు మూడు రోజుల్లో కాడ మొదలు నల్లబడుతుంది. ఎర్రమట్టిలో ఇసుక, కోకోపీట్ ధారాళంగా కలిపి, కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే. పైమట్టి ఆరిందని వేలితో చూశాకే నీళ్లు పోయాలి. ఎరువు ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయి గాని వాసనలో పస ఉండదు. చిగుళ్లు తుంచుతుంటే మొక్క గుబురవుతుంది. కాబట్టి వాసన కోసం ఆకు కావాలనుకున్నప్పుడు ఎలాగూ తుంచాల్సిన కొనలనే తుంచడం ఉత్తమం. టీలో వేసుకోవాలన్నా ఆ కొనలే లేతగా ఉంటాయి. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉంటే మాత్రం వాటికి అందకుండా పెట్టాలి, ఈ ఆకులు వాటికి పడవు.

రెండు మూడేళ్లకు కాడ అడుగున చెక్కబారి, ఆకులు పైన మాత్రమే మిగులుతాయి. అప్పుడు మొక్కను బతికించేది కొమ్మే. చాలా రకాలు సంకరాలు కావడంతో విత్తనం వేస్తే అదే వాసన వస్తుందన్న హామీ లేదు. మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే, ఇన్నాళ్లూ దాని ఆకులు నలిపి వాసన చూసి ఉంటే, ఈసారి చలికాలంలో మూడు నాలుగు కణుపులున్న కొమ్మలు రెండు కోయండి. కింది ఆకులు తీసేసి, కోసిన చోటు కాసేపు ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. ఒకటి మీ కుండీకి, ఒకటి పొరుగింటికి. నవంబరు నుంచి జనవరి దాకా నాటిన కొమ్మలు మన వాతావరణంలో నాలుగైదు వారాల్లో వేళ్లు పోసుకుంటాయి.